అల్లుడికి తూటాల బెల్టు సంగతి

నిజామాబాద్

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది.

బోధన్‌లో బ్యాంకు గార్డుగా చేరినావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం బిడ్డా. మిలిటరీ నుంచి వచ్చినవాడివి, తుపాకి నీకు కొత్త కాదు. అయితే అక్కడ నువ్వు మోసింది మ్యాగజైన్ ఉన్న రైఫిల్. ఖాళీ మ్యాగజైన్ తీసి నిండుది తగిలిస్తే ఇన్సాస్‌లో 20 తూటాలు సిద్ధం. ఇక్కడ నీ భుజానికి వచ్చింది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. రెండు పేల్చినవా, ఖాళీ. మూడోది నీ వేళ్లతో నువ్వే పెట్టుకోవాలె. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఆ వేళ్లు ఎంత వేగంగా ఆడతాయన్నది, ఆ పొద్దున నువ్వు బెల్టు ఎట్లా నింపుకున్నావన్న దాని మీద ఉంటుంది. ఇదే తలకెక్కించుకొమ్మని ఈ ఉత్తరం.

మన గార్డుల్లో ఎక్కువమంది భుజం మీంచి ఛాతీకి అడ్డంగా తోలు బెల్టు వేసుకుంటారు. చూసేవాళ్లకు అది భయం పుట్టిస్తుంది. గేటు దగ్గర నిలబడేవాడికి అదీ అవసరమే. కానీ నువ్వు వంగితే అది ముందుకు ఊగుతుంది, పరుగెత్తితే పక్కకు జరుగుతుంది. వీపు మీద ఉన్న తూటాలు నీ చేతికి అందవు. బెల్టు నిండా ఉన్నా, అక్కరకొచ్చేవి ఛాతీ మీద ఉన్న నాలుగైదే. ఒకవేళ అడ్డబెల్టే వేసుకొమ్మని మీ దగ్గర నియమం ఉంటే, ముందరి గూళ్లను ఎప్పుడూ ఖాళీగా ఉంచకు. వెనక గూళ్లలోవి నిల్వ అనుకో.

నన్నడిగితే నడుం బెల్టు మేలు. దాన్ని కట్టుకునే పద్ధతి చెబుతా. డబుల్ బ్యారెల్ నింపేటప్పుడు ఎడమచెయ్యి గొట్టాలను పట్టుకునే ఉంటుంది. మీటను తోసేదీ, తూటా తీసి పెట్టేదీ కుడిచెయ్యే. అందుకని తూటాలు కుడివైపున, బొడ్డుకూ తుంటికీ నడుమ ఉండాలె. ఇత్తడి వైపు పైకి, మడత వైపు కిందికి పెట్టు. చెయ్యి పోగానే ఇత్తడి అంచు వేళ్లకు తగులుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలుతో పక్కపక్కనున్న రెంటినీ కలిపి పైకి లాగి, మూతులు ముందుకు తిప్పి, ఒక్కసారే రెండు గొట్టాల్లోకి జార్చాలె. తీసినా రెండే, పెట్టినా రెండే. చూపు బెల్టు మీదికి పోవద్దు, ఎదురుగా ఉన్న మనిషి చేతుల మీదనే ఉండాలె. మన దగ్గర తుపాకుల్లో చాలావాటికి కాలిన ఖోకాలు వాటంతట అవి ఎగిరిపడవు. గొట్టాలు వంచితే కొంచెం పైకి లేచి ఆగుతాయి, వేళ్లతో లాగి పారేయాలె. ఈ పనికి కూడా చేతిని అలవాటు చెయ్యి.

జేబులో తూటాలు వేసుకునే అలవాటు మాత్రం వద్దు. తాళంచెవులు, చిల్లర పైసల నడుమ తూటా ఏ మూలకుందో, ఏ వైపు తిరిగుందో వెతకడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. పందెం షూటర్లు సంచిలోంచే తీస్తారు కదా అంటావేమో. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ వాడు కైనన్ చెనాయ్, పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధూతో కలిసి ట్రాప్ జట్టు బంగారు పతకం గెలిచినాడు. విడిగా కాంస్యం కూడా తెచ్చినాడు. వాళ్ల కోటు జేబులో, నడుం సంచిలో ఉండేవి ఒక్క రకం తూటాలే. కాలినవాటిని వాటిలో కలవనియ్యరు. పైగా వాళ్లకు తుపాకి నింపుకునేందుకు వ్యవధి ఉంటుంది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఆ వేరు చేసే క్రమశిక్షణ.

దస్తాకు తొడిగే ఎలాస్టిక్ పట్టీలు కూడా వచ్చినాయి. తుపాకి ఎక్కడుంటే నాలుగైదు తూటాలు అక్కడే ఉంటాయి కాబట్టి ఆదరా బాదరాగా తుపాకి అందుకున్నప్పుడు పనికొస్తాయి. కానీ మన నిజామాబాద్ ఎండలకు ఎలాస్టిక్ తొందరగా సాగిపోతుంది. గొట్టాలు ఖాళీ చేసి, పట్టీలో మాత్రం తూటాలు ఉంచి, తుపాకిని తలకిందులు చేసి ఒకసారి ఊపి చూడు. ఒక్కటి జారినా ఆ పట్టీ మార్చేయాలె. దవడ ఆనే చోట పట్టీ మందంగా ఉంటే గురి తప్పుతుంది, అదీ చూసుకో. కొన్ని చోట్ల ఇప్పుడు పంపు తుపాకులు ఇస్తున్నారు. వాటికైతే పక్కన బిగించే తూటాల పట్టీ ఉంటుంది. నీది నడుమ విరిగే తుపాకి, దానికి ఆ పట్టీ కుదరదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతా, మనసు పెట్టి చదువు. నీ బెల్టులో పన్నెండు బోరు తప్ప మరొకటి ఉండొద్దు. ఇరవై బోరు తూటా సన్నగా ఉంటుంది. పన్నెండు బోరు గొట్టంలో వేస్తే జారి లోపలికి పోయి ముందుభాగంలో ఇరుక్కుంటుంది. బయటికి చూస్తే గొట్టం ఖాళీగానే కనిపిస్తుంది. తొందరలో ఉన్నవాడు దాని వెనక పన్నెండు బోరుది పెట్టి పేలిస్తే గొట్టం పగిలి ఎడమచెయ్యి పోతుంది. అందుకనే ఇరవై బోరు తూటాలకు పసుపురంగు వేస్తారు. పసుపు తూటా ఎవరిచ్చినా, ఎంత ప్రేమగా ఇచ్చినా బెల్టుకు తాకనీయకు. పొడవు కూడా చూడు. పాత తుపాకుల గది 65 మిల్లీమీటర్లే ఉండొచ్చు. 70 తూటా అందులో పట్టినట్టే ఉంటుంది, కానీ పేలినప్పుడు మడత విప్పుకోవడానికి చోటు లేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం మీద ఏముందో, డబ్బా మీద ఏముందో రెండూ కలిపి చదివి తీసుకో. ఛర్రాల సైజు కూడా బెల్టంతా ఒక్కటే ఉండాలె. చేతికి ఏది వచ్చిందో ఆలోచించాల్సిన పని నీకు ఉండొద్దు.

డ్యూటీ దిగినాక తూటాలను తోలు బెల్టులోనే వదిలేయకు. తోలులో ఉండే రసానికి ఇత్తడి పచ్చబారుతుంది. ఆ చిలుము పట్టిన తూటా గూడులోంచి రాదు, వచ్చినా గొట్టంలో సాఫీగా కూర్చోదు. వానాకాలంలో ఇంకా జాగ్రత్త. రోజూ తీసి పొడిబట్టతో తుడిచి, లెక్కపెట్టి, డబ్బాలో పెట్టి తాళం వెయ్యి. పొద్దున నింపేటప్పుడు ఒక్కోదాన్ని వేళ్ల నడుమ తిప్పి చూడు: ఉబ్బిందా, సొట్ట పడిందా, క్యాపు మీద గుంట ఉందా. అనుమానం వస్తే పక్కన పెట్టి మేనేజరుకు చెప్పు. పాతవి ముందు, కొత్తవి తర్వాత వాడకానికి వచ్చేటట్టు వరుస మారుస్తుండు. మే నెల ఎండలో క్యాష్ వ్యాను అద్దం దగ్గర బెల్టు పెట్టి దిగిపోకు.

సాధన ఇంట్లో చేస్తే డమ్మీ తూటాలతోనే చెయ్యి. అసలువి వేరే గదిలో, తాళంలో ఉండాలె. మొదట నిదానంగా, లెక్కపెట్టుకుంటూ చెయ్యి. చెయ్యి దారి నేర్చినాక వేగం దానంతట అదే వస్తుంది. ఫైరింగ్ ప్రాక్టీసుకు పిలిస్తే తప్పక వెళ్లు.

బోధన్‌లో ఇంకొక సంగతి. సాలూర దాటితే మంజీర, మంజీర దాటితే మహారాష్ట్ర. క్యాష్‌తో బిలోలి వైపు పొమ్మంటే, ముందు లైసెన్సులో ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూడు. తెలంగాణ వరకే ఉంటే సరిహద్దు దాటొద్దు, సారుకు ముందే చెప్పు. తుపాకి బ్యాంకుదైతే రిటైనర్‌గా నీ పేరు ఎక్కిందో లేదో చూసుకో. 1959 ఆయుధాల చట్టం తుపాకికే కాదు, తూటాకూ వర్తిస్తుంది. మరిచిపోయి ప్యాంటు జేబులో ఒక్క తూటాతో ఊరికి బస్సెక్కినా నీ ఉద్యోగం మీదికి వస్తుంది. బెల్టులో గూడుకొక తూటా పెట్టుకుంటే ఒకటి తగ్గినా కంటికి కనిపిస్తుంది. జేబు వద్దనడానికి ఇది ఇంకో కారణం.

మీ బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దది. అది నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ అంతా దాని మీదనే బతికేది. 2015 డిసెంబరులో అది మూతపడ్డది. అయినా నీ బ్యాంకు ముందు మనుషులు తగ్గలేదు. వడ్ల పైసలకు, పసుపు పైసలకు, బంగారం కుదువకు ఇప్పటికీ జనం బారులు తీరుతారు. ఆ బారులో మన పల్లె మనుషులే ఉంటారు. ఛర్రాలు దూరం పోయినకొద్దీ చెదురుతాయి. దొంగ వెనక ఎవరున్నారో చూడకుండా వేలు ట్రిగ్గరు మీదికి పోవద్దు.

దొంగతనాలు కూడా మారినాయి. 2022 జూలైలో మెండోరా మండలం బుస్సాపూర్ బ్యాంకులో రాత్రిపూట గ్యాస్ కట్టర్‌తో లాకరు కోసి బంగారం ఎత్తుకుపోయినారు. 2025 జనవరి 16న మన పక్కనున్న బీదర్‌లో పట్టపగలే క్యాష్ వ్యాను మనుషుల మీద కాల్పులు జరిపి, ఒకరి ప్రాణం తీసి పెట్టెతో పోయినారు. ఒకచోట తుపాకి చూసేవాడే ఉండడు, ఇంకోచోట ఊపిరి తీసుకునేంత సమయం ఉండదు. కాబట్టి మొదట నీ కన్ను, తర్వాత అలారం, తర్వాత తలుపు. తుపాకి ఆఖరిది. ఆ ఆఖరి వంతు వస్తే మాత్రం నీ చెయ్యి తడబడొద్దు.

రేపటి నుంచే మొదలుపెట్టు. డ్యూటీకి పది నిమిషాలు ముందు పో. బెల్టు విప్పి బల్ల మీద పరిచి, ఒక్కొక్కటి చూసి, ఇత్తడి పైకి పెట్టి నింపి, ఎన్ని ఉన్నాయో రిజిస్టరులో రాసి సంతకం పెట్టు. ఎవరు నవ్వినా మానకు. వచ్చే ఆదివారం ఇంటికొచ్చినప్పుడు డమ్మీలతో నీ చెయ్యి ఎట్లా ఆడుతుందో చూస్తా.

ఇట్లు,
నీ మేలు కోరే మామ