లెక్కల పెట్టెకు రెండవ తాళపుచెవి

వరంగల్లు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు పత్తి, మిరప రాశులు వచ్చు దినములలో తెల్లవారకముందే బండ్లు బారులు తీరును. ఒకనాడు అవి ఎడ్లబండ్లు. నేడు ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు. బండ్లతోపాటు లెక్కలు వ్రాయు పద్ధతియు మారినది. వెనుక అడ్తీదారుని ముందు ఎర్రగుడ్డ అట్టవేసిన పొడవైన ఖాతా పుస్తకము ఉండెడిది. నేడు అచట కంప్యూటరు తెర వెలుగుచున్నది. 2016 ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్టు పథకమున, అనగా ఇ-నామ్‌లో, వరంగల్లు మార్కెట్టు కూడ చేరినది. చుట్టుప్రక్కల గ్రామములలోని విత్తనముల దుకాణములు, జిన్నింగు మిల్లులు, పాల కేంద్రములు, సహకార సంఘములు కూడ తమ లెక్కలను కంప్యూటరులోనే ఉంచుకొనుచున్నవి. ఇది మంచి మార్పే. కాని ఈ మార్పుతో ఒక కొత్త చిక్కు కూడ వచ్చినది. దానినిగూర్చియే ఈ పాఠము.

ఒక ఎరువుల దుకాణమును ఊహించుకొందము. అందు ఆరేండ్లుగా ఒక గుమాస్తా పని చేసినాడు. లెక్కల ఫైలునకు పాస్‌వర్డు పెట్టినవాడు అతడే. అది తెలిసినవాడును అతడొక్కడే. జీతము విషయమున మాట పట్టింపు వచ్చి ఒకనాడు అతడు పని మానివేసినాడు. మరునాడు యజమాని కంప్యూటరు తెరచినచో అది పాస్‌వర్డు అడిగినది. అప్పులు, జమలు, సరకు నిల్వలు అన్నియు లోపలనే ఉన్నవి. ఇల్లు తనది, పెట్టె తనది. తాళపుచెవి మాత్రము ఇంకొకరి మనస్సులో ఉన్నది.

ఇందువలన నష్టపడువాడు యజమాని ఒక్కడే కాదు. గత వేసవిలో మిరప అమ్మి బాకీ అంతయు చెల్లించిన రైతు ఒకడున్నాడు. చెల్లించినట్లు వ్రాత ఆ పెట్టెలోనే ఉన్నది. రసీదు అతని వద్ద లేదు. లెక్క తెరవలేకపోయినచో తీర్చిన అప్పును మరల తీర్చవలసిన గతి అతనికి పట్టవచ్చును. కావున దీనిని ఒక దుకాణదారుని సొంత గొడవగా భావింపరాదు.

పాత అనుభవము

ఇట్టి చిక్కు తెలంగాణ పల్లెలకు పూర్తిగా కొత్తది కాదు. గ్రామ భూముల లెక్కలు పట్వారీ చేతిలో, పలుచోట్ల అతని ఇంటనే, ఉండిన కాలమును పెద్దలు ఎరుగుదురు. పహాణీలో ఏమున్నదో రైతు చూడలేడు. చూచినను ఆ వ్రాత అతనికి అర్థము కాదు. లెక్క తెలిసినవానిదే పెత్తనము. 1984లో ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసినది. ఆనాటి పాఠము ఒక్కటే: పదిమందికి సంబంధించిన లెక్క ఒక్కని గుప్పిటిలో ఉండరాదు. కాగితము పోయి కంప్యూటరు వచ్చినను ఆ పాఠము మారలేదు.

మొదట చేయవలసినది, చేయరానిది

తెర తెరచుకొననప్పుడు కంగారుతో నోటికి వచ్చిన పదములన్నియు కొట్టిచూడరాదు. కొన్ని ప్రోగ్రాములు తప్పు పదములు పలుమార్లు వచ్చినచో తలుపు మరింత బిగించును. కంప్యూటరును ‘ఫార్మాటు’ చేయించుట, విండోసును క్రొత్తగా ఎక్కించుట అంతకన్న పెద్ద పొరపాటు. తాళము రాలేదని పెట్టెను తగులబెట్టినట్లగును.

మొట్టమొదట లెక్కల ఫైళ్లున్న సంచికను యథాతథముగా రెండు వేరువేరు డిస్కులలోనికి నకలు తీయవలెను. ఇకమీద ఏ ప్రయత్నము చేసినను నకలుపైననే చేయవలెను, అసలును ముట్టరాదు.

రెండవ పని, వెళ్లిన ఉద్యోగిని అడుగుట. ఇది అన్నిటికన్న సులభమైన మార్గము. అభిమానము అడ్డువచ్చి చాలమంది చివరకు చేయుచున్నారు. పాస్‌వర్డు చెప్పనివారందరును దొంగలు కారు. కొందరు మరచియుందురు, కొందరిని ఎవరును అడిగియుండరు. రావలసిన జీతము బాకీ ఉన్నచో దానిని చెల్లించి, ‘బాబూ, నీవు వ్రాసిన లెక్కయే, ఒక్కసారి వచ్చి తెరచి చూపుము’ అని మర్యాదగా కబురు పంపినచో పని తరచుగా అచటనే తీరును. జీతము ఆపి పాస్‌వర్డు అడుగుట, పాస్‌వర్డు ఆపి జీతము అడుగుట రెండును తప్పులే. అడిగిన విషయమును వ్రాతమూలముగా ఉంచుకొనుట మంచిది.

తాళము ఏ రకమైనది?

అప్పటికిని పని కానిచో నిపుణుని పిలువవలెను. అతడు మొదట చూచునది తాళము ఎచట ఉన్నదని. ఈ తాళములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది వీధి తలుపు తాళము. అనగా కంప్యూటరు తెరచుటకు విండోసు అడుగు పాస్‌వర్డు. ఇందు లోపలి ఫైళ్లకు వేరే తాళము లేనిచో డిస్కును ఊడదీసి మరియొక కంప్యూటరునకు తగిలించి ఫైళ్లను తీసికొనవచ్చును. కాని ఇటీవలి యంత్రములలో బిట్‌లాకరు అను ఏర్పాటు డిస్కునంతటిని సంకేతలిపిలోనికి మార్చియుంచవచ్చును. అట్టిచో 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య కావలెను. అది తరచుగా ఆ యంత్రమును మొదట సిద్ధము చేసినవారి మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడియుండును.

రెండవది గుమాస్తా గది తాళము. లెక్కల ప్రోగ్రాము ‘నీవెవరవు?’ అని అడిగి, పేరును పాస్‌వర్డును సరిచూచి లోనికి పోనిచ్చును. లోపలి లెక్క మాత్రము మామూలుగానే ఉండును. ఇట్టిచో అడ్మినిస్ట్రేటరు అధికారము గల మరియొకరు పాత పాస్‌వర్డు తీసివేసి కొత్తది పెట్టగలరు. మై ఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వరు వంటి డేటాబేసులలో యంత్రముపై పూర్తి అధికారము గలవారు ప్రధాన పాస్‌వర్డును మార్చుటకు తయారీదారులే పద్ధతి చెప్పియున్నారు. ఇది నిపుణునికి పెద్ద పని కాదు.

మూడవది లెక్కనే మార్చివేసిన తాళము. ఇందు పాస్‌వర్డు కేవలము కాపలాదారు కాదు. అక్షరములను తారుమారు చేసి, మరల సరిచేయు సూత్రమునకు అదియే మూలము. పాస్‌వర్డు లేనిదే లోపలిదంతయు అర్థములేని గుర్తులే. మన వర్తకులలో బహుళ ప్రచారముగల ట్యాలీలోని ట్యాలీవాల్టు ఈ జాతిది. దాని పాస్‌వర్డు మరచినచో తిరిగి ఇచ్చు మార్గము ఆ సంస్థ వద్దను లేదు. మైక్రోసాఫ్టు ఆక్సెస్‌లో 2003 వరకు వచ్చిన ఎం.డి.బి. ఫైళ్ల పాస్‌వర్డు చాల బలహీనమైనది. తెలిసినవారు త్వరగా తీయగలరు. 2007 నుండి వచ్చిన ఏ.సి.సి.డి.బి. ఫైళ్లలో పాస్‌వర్డు పెట్టినచో ఫైలంతయు సంకేతలిపిలోనికి మారును.

ఊహించుటకు హద్దు

మూడవ రకమునకు మిగిలిన దారి ఊహించి చూచుటయే. నార్వే దేశమున ఒక విచిత్రమైన ఉదాహరణ ఉన్నది. రైదార్ జూపెదాల్ అను పండితుని గ్రంథ సేకరణకు సంబంధించిన డేటాబేసు పాస్‌వర్డు పోయినది. 2002లో అచటి ఇవార్ ఓసెన్ కేంద్రమువారు లోకమును సహాయము కోరిరి. కొలదికాలములోనే జవాబు దొరకినది. ఆ పదము ఆయన ఇంటిపేరును వెనుకనుండి వ్రాసినదే.

అందరికిని ఇట్టి అదృష్టము కలుగదు. లెక్క వేసి చూతము. నాలుగు అంకెల సంఖ్య ఐనచో 10,000 మారులు చూచిన చాలును. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరములైనచో సుమారు 20,883 కోట్ల విధములు. సెకనుకు లక్ష చొప్పున చూచు యంత్రమునకు 24 దినములు పట్టును. పండ్రెండు అక్షరములైనచో అదే యంత్రమునకు 30,000 సంవత్సరములకు పైగా కావలెను. కావున ‘ఎట్టి పాస్‌వర్డునైనను గంటలో తీసెదము’ అనువారిని నమ్మి లెక్కల ఫైలును అప్పగింపరాదు. ఫైలు, సొమ్ము రెండును పోవచ్చును.

చట్టము ఏమనుచున్నది?

దుకాణము పనిలో భాగముగా వ్రాసిన లెక్క దుకాణమునకు చెందినది. హక్కుగలవారికి కంప్యూటరు అందకుండ చేయుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను క్రిందకు వచ్చును. మోసబుద్ధితో చేసినచో 66వ సెక్షను ప్రకారము మూడేండ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును పడవచ్చును. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 2008లో టెర్రీ చైల్డ్స్ అను ఇంజనీరు నగర పాలక సంస్థ నెట్‌వర్కు పాస్‌వర్డులను పై అధికారులకు ఇవ్వ నిరాకరించినాడు. జైలులో ఉండి చివరకు వానిని మేయరునకు ఇచ్చినాడు. 2010లో అతనికి నాలుగేండ్ల శిక్ష పడినది.

ఐనను చట్టము ఇరువైపుల పదునుగల కత్తి. యజమాని తన లెక్క తెరచుకొనవచ్చును గాని, ఆ నెపముతో ఉద్యోగి సొంత ఈమెయిలును, బ్యాంకు ఖాతాను తెరచి చూచుట నేరము.

లెక్క తిరిగి కట్టుట

తాళము ఎంతకును రానిచో కాగితముల నుండి లెక్కను తిరిగి కట్టవలెను. ఇది శ్రమయే గాని అసాధ్యము కాదు. ఆడిటరు సంతకము చేసిన చివరి ఆస్తి అప్పుల పట్టీని మొదటి మెట్టుగా తీసికొనవలెను. అటుపై బ్యాంకు స్టేట్‌మెంటు, జి.ఎస్.టి. పోర్టలులో దాఖలుచేసిన రిటర్నులు, ఆడిటరునకు పంపిన నకళ్లు, సరకు పంపినవారి బిల్లులు, మార్కెట్టు తక్‌పట్టీలు తేదీవారీగా పేర్చి ఎక్కింపవలెను. పిమ్మట రైతులను పిలిచి వారివద్ద ఉన్న చీటీలతో సరిచూడవలెను. చీటీ లేని పేదరైతు మాటను త్రోసివేయక, ఇరుగుపొరుగు పెద్దల సమక్షమున పరిశీలించి తీర్మానించుట న్యాయము. లెక్క పోయినది దుకాణమువద్ద. దాని భారము రైతుపై పడరాదు.

జి.ఎస్.టి. క్రింద రిజిస్టరైన వ్యాపారి ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలల వరకు లెక్కలను భద్రపరుపవలెనని చట్టము చెప్పుచున్నది. ‘గుమాస్తా పాస్‌వర్డు పట్టుకొనిపోయినాడు’ అని చెప్పినంతమాత్రమున ఆ బాధ్యత తీరదు.

ముందుజాగ్రత్తలు

వరద వచ్చిన పిమ్మట కట్ట వేయుటకన్న ముందే వేయుట మేలు. ఈ క్రింది పనులకు ఖర్చు స్వల్పము.

1. ప్రతి ఉద్యోగికి వేరువేరు పేరు, వేరువేరు పాస్‌వర్డు ఉండవలెను. ఒక పాస్‌వర్డును పలువురు వాడరాదు.

2. అడ్మినిస్ట్రేటరు అధికారము ఇద్దరికి ఉండవలెను. అందొకరు యజమాని గాని సంఘాధ్యక్షుడు గాని కావలెను.

3. ప్రధాన పాస్‌వర్డును కాగితముపై వ్రాసి కవరులో పెట్టి, అంటించి, సంతకము చేసి బీరువాలో ఉంచవలెను. పాస్‌వర్డు మారినప్పుడెల్ల కవరు మారవలెను.

4. ఓటీపీ వచ్చు ఫోను నంబరు, ఈమెయిలు సంస్థ పేరిట ఉండవలెను. గుమాస్తా సొంత నంబరు ఇవ్వరాదు.

5. లెక్కలకు మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, ఒకటి వేరొక చోట ఉండవలెను. నెలకొకసారి నకలును తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నను లేనట్లే.

6. ఉద్యోగి వెళ్లు దినమున అప్పగింత పట్టిక వ్రాసి, అతని ఎదుటనే అన్నియు తెరచి చూచి, జీతము లెక్క తీర్చి, ఇరువురు సంతకములు చేయవలెను. అటుపిమ్మట అతని పేరు తొలగించి పాస్‌వర్డులు మార్చవలెను.

7. సొమ్ము పుచ్చుకొన్న ప్రతిసారి రైతునకు కాగితపు రసీదు ఇవ్వవలెను.

ఈ చివరిదానిని మేము అన్నిటికన్న ముఖ్యమని తలచుచున్నాము. కంప్యూటరు ఎంత గొప్పదైనను రైతు రుమాలులో మడచి పెట్టుకొన్న రసీదునకు పాస్‌వర్డు అక్కరలేదు. రైతు సోదరులు దానిని అడిగి పుచ్చుకొనవలెను. దుకాణదారులు అడుగకముందే ఇవ్వవలెను. సహకార సంఘముల సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున లేచి, ‘మన లెక్కల పెట్టెకు రెండవ తాళపుచెవి ఎవరివద్ద ఉన్నది?’ అని ప్రశ్నింపవలెను. జవాబు వెంటనే రానిచో ఆనాడే ఆ ఏర్పాటు చేసికొని లేచుట మంచిది.