జాకెట్టు కొలతలు – కొన్ని మెలకువలు

కుట్టుపని నేర్చుకునే చెల్లెళ్లు ముందుగా మిషను తొక్కడం మీదే దృష్టి పెడతారు. కానీ కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. కొలత తప్పి బట్ట కత్తిరిస్తే మాత్రం అది తిరిగిరాదు. అమ్మ కూలి డబ్బులతో కొన్న బట్టయితే ఆ నష్టం మరీ పెద్దది.

మన ఊళ్లలో ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకోవడం అలవాటు. ఎదిగే వయసులో నిరుటి ఆది ఈ ఏడు సరిపోదు. పాత ఆది ఉతుకులకు సాగో, ముడుచుకుపోయో ఉంటుంది. అందుకే ఒంటి కొలతలే తీయాలని మేము చెబుతున్నాము.

కొలిచే పద్ధతి:

1. చున్నీ తీసి నిటారుగా నిలబడాలి. ఊపిరి బిగబట్టకూడదు. సిగ్గుతో ముడుచుకుంటే కొలత తప్పుతుంది. కాబట్టి తలుపు వేసి, ఆడపిల్లలమే ఒకరికొకరం కొలుచుకుందాం.

2. ఛాతీ: ఎత్తైన చోట టేపు చుట్టాలి. వీపు వెనుక టేపు కిందికి జారకూడదు. లోపల ఒక వేలు పట్టాలి.

3. భుజం: వెనుక నుంచి ఈ ఎముక చివర నుంచి ఆ ఎముక చివర వరకు.

4. పొడవు: మెడ పక్క భుజం మీద నుంచి ముందూ, వెనుకా విడివిడిగా కొలవాలి. ముందు భాగం ఛాతీ మీదుగా వస్తుంది కనుక రెండూ ఒకటి కావు.

5. చేయి: పొడవుతో పాటు, చేయి అంచు వచ్చే చోట చుట్టుకొలత.

ఛాతీ 34 అంగుళాలైతే నాలుగో వంతు ఎనిమిదిన్నర. దీనికి వదులు, కుట్టుబట్ట కలిపి గీస్తాము. నాలుగు భాగాల్లోనూ అర అంగుళం తగ్గితే చుట్టూ 2 అంగుళాలు తగ్గినట్లే!

ప్రతి కొలతా రెండుసార్లు తీసి, వెంటనే నోటుబుక్కులో రాయండి. కత్తెర ఆ తరువాతే పట్టండి.