హైదరాబాదులోని చిరాన్ వనము

మన సోలాపూరు తూర్పు పేటలలో పుట్టి పెరిగిన బాలబాలికలకు నెమలి యనగా చద్దరుపై నేయబడిన నెమలియే. ఇంటిలో సగము చోటు మగ్గమునకో సాంచెకో పోగా, మిగిలిన సగములో వారు చదువుకొందురు, నిదురింతురు. ఆడుకొనుటకు వీథియే గతి. ఇట్టి పిల్లలను గడచిన శీతకాలమున హైదరాబాదునకు కొనిపోయితిమి. చార్మినారును, గోలకొండను చూపిన పిమ్మట, మూడవనాటి ఉదయమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమునకు నడిపించితిమి. "చెట్లు చూచుటకు మూడు వందల కిలోమీటర్లు పోవలెనా?" అని ప్రయాణమునకు ముందు ఒక విద్యార్థి తండ్రి మమ్ము అడిగియుండెను. అప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఇప్పుడు వ్రాయుచున్నాము.

జూబిలీహిల్సునకును బంజారాహిల్సునకును నడుమనున్న ఈ వనము ఒకప్పుడు ఒక్క కుటుంబపు సొత్తు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1967లో గతించగా ఆయన పౌత్రుడు ముకర్రమ్ జా వారసుడయ్యెను. సుమారు 400 ఎకరముల గుట్టల నడుమ ఆయన నివాసమై యుండినదే చిరాన్ ప్యాలెసు. ఆ కాలమున అది ఊరి వెలుపలి ప్రదేశము. తరువాత ఆయన ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల క్షేత్రమొకటి కొని పెక్కేండ్లు అచ్చటనే గడపెను. 2023లో ఇస్తాంబులులో మరణింపగా, దేహమును తెచ్చి హైదరాబాదు మక్కామసీదు ఆవరణలో ఖననము చేసిరి. యజమాని దూరమున నుండుట తోటకు మేలే చేసినదని మా యభిప్రాయము. చుట్టునున్న గుట్టలు పగిలి మేడలగుచుండగా, ఈ గోడలోపల సీతాఫలపు పొదలు, వేపలు, తుమ్మలు ఎవరి ప్రమేయమును లేక పెరిగినవి. కాలక్రమమున ఈ నేలలో అధికభాగము ప్రభుత్వపరమయ్యెను. 1998లో దీనిని జాతీయవనముగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి పేరు పెట్టిరి. వైశాల్యము సుమారు 142 హెక్టారులు, అనగా 350 ఎకరములకు కొంచెము పైన.

లోపల మేము పిల్లలకు మొదట చూపినది చెట్లను కాదు, ఱాళ్లను. మన యూరిది నల్లఱాయి; సుమారు ఆఱున్నర కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి పొంగిన ద్రవము చల్లాఱి యేర్పడినది. దాని పొడియే మన నల్లరేగడి. హైదరాబాదుది గ్రానైటు, దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అంత గట్టి ఱాతిలోనికి నీరు ఇంకవలెనన్నచో పగుళ్లే దారి. వాననీరు కొట్టుకొనిపోకుండ వేళ్లును, రాలిన ఆకులును అడ్డుపడినప్పుడు ఆ పగుళ్లలోనికి నెమ్మదిగా దిగును. మేడల చప్టాలపై పడిన నీరు మోరీల పాలగును. ఈ వనములో నెమళ్లేకాక ముళ్లపందులు, పునుగుపిల్లులు, అలుగులును కలవని చెప్పుదురు. మాకు నెమళ్లు మాత్రమే కనబడినవి.

నడుచుచుండగా ఏడవ తరగతి బాలుడొకడు, "ఇప్పుడు నవాబు లేడు గదా సార్, ఇంక ఈ గోడ యెందుకు?" అని అడిగెను. వానికి ఇంగ్లండు కథ యొకటి చెప్పితిమి. లండను చెంతనున్న రిచ్మండు పార్కును 17వ శతాబ్దమున మొదటి చార్లెసు రాజు తన వేటకై గోడ పెట్టి మూసెను. తరువాత నూఱేండ్లకు పైగా గడచినపిదప రాజకుమారి అమీలియా ఆ వనమునకు అధికారిణియై సామాన్యులను రానీయకుండెను. జాన్ లూయిసు అను సారాయి కాచు వ్యాపారి న్యాయస్థానమున కెక్కి, 1758లో కాలినడకదారుల హక్కు గెలిచెను. ద్వారము కావలెనా, గోడపై నిచ్చెనమెట్లు కావలెనా యన్నప్పుడు, ద్వారమునకు తాళము వేయవచ్చునని మెట్లే కోరెనట. ఆ మెట్లను పిల్లలకును ముసలివారికిని అందనంత ఎడముగా కట్టగా, మరల ఫిర్యాదు చేసి సరిచేయించెను. గోడ మాత్రము నిలిచియే యున్నది, జింకలును ఉన్నవి. మనుష్యులు పోవచ్చును, మేడలు పోరాదు. బాలునికి అర్థమైనట్లే తోచినది.

హైదరాబాదువారి జగడము ఇంకొక విధమైనది. 2016లో వనము చుట్టునున్న కూడళ్ల వద్ద పైవంతెనలకై చెట్లు కొట్టుదురని తెలిసి, పౌరులు ఆందోళన చేసి న్యాయస్థానములకును పోయిరి. 2020లో కేంద్రప్రభుత్వము వనము వెలుపల రక్షణమండలమును నిర్ణయించెను. దాని వెడల్పు కొన్ని చోట్ల 3 మీటర్లే, ఎచ్చటను 30 మీటర్లకు మించదు. మూడు మీటర్లనగా మన యింటి మగ్గపు గది పొడవు కాదా?

తిరిగి వచ్చునపుడు ఒక బాలిక దారిలో పడియున్న నెమలియీక నెత్తి సంచిలో దాచుకొనెను. ఇచ్చటినుండి ఏదియు కొనిపోరాదని చెప్పి మేము మరల క్రింద పెట్టించితిమి. ఆమె కన్నీరు పెట్టుకొనెను. మాకును కష్టముగనే యుండెను. పిదప ఆమె అచ్చటనే కూర్చుండి, గణితపు గళ్ల నోటుపుస్తకములో ఆ యీక కన్నును ఒక్కొక్క గడి లెక్కించి వేసికొనెను. తండ్రి జకార్డు మగ్గమున పనిచేయువాడు. మేము ఊరు చేరిన వారమునకు ఆ కాగితము తీసికొని ఆయన పాఠశాలకు వచ్చెను. ఈ కన్నునకు అట్టలు కొట్టింపవలెననియు, నీలము ప్రక్కన ఉండినది ఆకుపచ్చయో పసుపో కూతురు సరిగా చెప్పలేకున్నదనియు మమ్మడిగెను. చెట్లు చూచుటకు అంత దూరము పోవలెనా యని మునుపు అడిగినవాడు ఆయనయే.