సాలీటికి తగిన నేల

సాలీడు కనబడగానే చీపురు వెదకుట మన యిండ్లలో పరిపాటి. కాని మన బాలబాలికలలో కొందఱు దానిని చూచి వెఱవక, గాజుసీసాలో నుంచి పెంచవలెనని ముచ్చటపడుచున్నారు. అమెరికా, ఐరోపా దేశములలో టరాంటులాలనబడు పెద్ద సాలీళ్లను గృహములందు పెంచు అలవాటు చిరకాలముగ నున్నది. వాని చిత్రములను చూచిన పిల్లలు మమ్ము మొదట నడుగు ప్రశ్న, "అది యేమి తినును?" అని. అంతకు ముందడుగవలసినది వేఱొకటి కలదు: "అది యెట్టి నేలపై నివసించును?"

ఈ పాఠము మేము పొరపాటు చేసి నేర్చుకొన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట విద్యార్థులు తోటలోని కన్నమునుండి యొక నేల సాలీటిని తెచ్చిరి. ప్రదర్శనమునకు అందముగ నుండునని మేమే సీసా యడుగున రంగు గులకరాళ్లు పఱచితిమి. ఈగలను వేసితిమి; నీరు చిలికితిమి. అది కొన్ని దినములు గాజుగోడ నెక్కుచు జాఱుచు నుండి, తుదకు కాళ్లు ముడుచుకొని చచ్చెను. ఆహారము చాలలేదేమో యనుకొంటిమి. త్రవ్వుకొనుటకు, దాగుటకు పిడికెడు మన్నైన నీయలేదని మాకు తరువాత తోచినది.

టరాంటులాకు అడుగు మన్ను మూడు పనులు చేయును. మొదట అది యిల్లు. నేలలో నివసించు జాతులు దానిని త్రవ్వి కన్నము చేసికొని దాగును. రెండవది, అది నీటికుండ వంటిది. తేమను పట్టి యుంచి మెల్లమెల్లగ గాలిలోనికి విడుచును. ఒడలు త్వరగా నెండిపోవు సాలీటి పిల్లలకు ఈ తేమ ప్రాణాధారము. మూడవది, అది పఱుపు. సాలీటి పొట్ట పలుచని తిత్తి వంటిది. ఎత్తునుండి గట్టి వస్తువుపై పడిన పగిలిపోవచ్చును. కావున నేల జాతులకు మన్ను పైనుండి మూతవఱకు గల యెత్తు, కాళ్లు చాచిన సాలీటి పొడవునకు ఒకటిన్నర రెట్లు మించరాదు. 12 సెంటీమీటరుల సాలీటికి 18 సెంటీమీటరుల లోపుననే యుండవలెను.

ఇందులకు తగినవి మనకు సులభముగ దొరకునవే. నేడు కోకోపీట్ అను పేర అమ్ముచున్న కొబ్బరిపొట్టు మేలైనది. ఉప్పు పోవునట్లు కడిగి వాడవలెను. ఎరువులు, పురుగుమందులు తగులని తోటమన్ను కూడ మంచిదే. రెంటిని కలిపిన కన్నము చక్కగ నిలుచును. ఒట్టి యిసుకలో కన్నము నిలువదు. గులకరాళ్లు పొట్టకు గాయము చేయును. దేవదారు వంటి వాసనగల కొయ్యల పొట్టునుండి వెలువడు ఆవిరులు పురుగులకు హానికరములు.

తేమను చూచుటకు పరికరములక్కఱలేదు. మన్నును పిడికిట పట్టి నొక్కవలెను. ముద్ద నిలిచి, వ్రేళ్ల సందున నీరు కాఱకున్నచో తేమ చాలును. నీరు కాఱినచో ఎక్కువైనది. గాలి యాడని తడిలో బూజు పట్టును. సాలీటి ఊపిరితిత్తులు పొట్ట అడుగున నుండుటచే నిలువ తడి దానికి చేటు. అందుచే పెట్టె నంతటిని తడుపక, ఒక మూల మాత్రమే తడిపి, తక్కిన భాగము పొడిగ నుంచుట మంచిది. తనకు వలసిన చోటును అదియే యెన్నుకొనును.

అన్ని జాతులకు ఒకే నేల పనికిరాదు. మెక్సికో దేశపు పడమటి తీరపు పొదలలో నివసించు ఎఱ్ఱమోకాళ్ల టరాంటులాకు లోతైన, ఇంచుక పొడియైన మన్ను కావలెను. మన యనంతపురము జిల్లాలోని గుత్తి పేర ప్రసిద్ధమైన నీలి సాలీడు దీనికి భిన్నము. అది చెట్ల తొఱ్ఱలలో నివసించును. దానికి నిలువుగ నుంచిన బెరడును, అడుగున కొద్దిపాటి తడిమన్నును వలయును. పోకాక్ అను శాస్త్రజ్ఞుడు 1899లో దీనిని వర్ణించెను. పిమ్మట శతాబ్దముపాటు కానరాక, 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ నున్న యడవిలో మరల కనబడెను. చెట్లు నఱకబడుటచే దాని నివాసము క్షీణించినది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని తీవ్రముగ అంతరించు ప్రమాదమున నున్న జాతిగ ప్రకటించెను. 2019లో దాని ప్రజాతి యంతయు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణమునకు లోబడెను. కావున అడవినుండి యెవ్వరును దానిని పట్టి తేరాదు. చెట్టు తొఱ్ఱయే దానికి తగిన పెట్టె.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఎఱ్ఱమోకాళ్ల ఆడు టరాంటులా యిరువది సంవత్సరములకు పైగ బ్రదుకగలదు. నేడు ముచ్చటపడిన బాలుడు రేపు పైచదువులకు వెళ్లినచో దానికి నీరు పోయువారెవరు? గుత్తి సాలీటి జాతివారి కాటు తీవ్రమైన నొప్పిని, కండరముల పట్టును కలిగించును. అమెరికా జాతులనేకము దురదపెట్టు వెండ్రుకలను విదిలించును. చేత పట్టి యాడుకొనుటకు ఇవి తగినవి కావు.

కావున మీ పిల్లలడిగినప్పుడు వెంటనే కాదనకుడు, వెంటనే ఔననకుడు. ముందు ఒక సీసాలో మన్నును, కొబ్బరిపొట్టును కలిపి, దాని తేమను నెల దినములు సరిగ కాపాడుమని చెప్పుడు. ఒట్టి మన్నును నెల దినములు చూచుకొనలేనివారికి ప్రాణిని అప్పగింపరాదు. చూచుకొనగలిగిన వారిని తోటకు కొనిపోయి, నేల సాలీటి కన్నమును చూపి, దానిని కదపక నోటుపుస్తకమున వ్రాసికొనుమనుడు. మేము గులకరాళ్లు పఱచుటకు ముందు చేయవలసియుండిన పని అదియే.