వాదనలో చిల్లు ఎక్కడ?



విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ తర్వాత అక్కడ లా చదవాలంటే క్లాట్ పరీక్ష రాయాలి. 2 గంటల్లో 120 ప్రశ్నలు. కొన్నింటిలో ఒక పేరా ఇచ్చి, ఆ వాదనలో లోపం ఏమిటని అడుగుతారు. దీనికి బట్టీ అక్కర్లేదు.

వాదనలో ఒక కారణం ఉంటుంది, 'కాబట్టి' అని ఒక ముగింపు ఉంటుంది. రెండింటి మధ్య పైకి చెప్పని మాట ఒకటి దాక్కుంటుంది. చిల్లు ఎక్కువగా అక్కడే.

ఉదాహరణ: 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో ఏ వ్యక్తీ గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదు. అయినా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వమే గిరిజనేతరులకు గనుల లీజులిచ్చింది. 'సమత' అనే సంస్థ కోర్టుకెళ్ళింది. ప్రభుత్వం వాదన: చట్టంలో 'వ్యక్తి' అని ఉంది, ప్రభుత్వం వ్యక్తి కాదు, కాబట్టి ఆ చట్టం మాకు వర్తించదు.

వింటే నిజమే అనిపిస్తుంది. కాని దాక్కున్న మాట చూడండి: 'ఎవరిస్తున్నారన్నదే ముఖ్యం' అని. చట్టం పెట్టింది భూమి గిరిజనుల దగ్గర నిలవడానికి కదా! ఎవరిచ్చినా పోయే భూమి ఒక్కటే. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఆ 'వ్యక్తి'లోకి వస్తుందని తీర్పు చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఒప్పుకోలేదు. అంటే చిల్లు పట్టడం పెద్దవాళ్ళకీ సులువు కాదు.

మొన్న సెలవులకి ఇంటికెళ్తే మా పెదనాన్న, "ఆ వీధిలో పిల్ల ఇంటర్ చదివింది, ఉద్యోగం రానేదు. నువ్వు టెన్త్‌తో ఆపీ" అన్నాడు. ఏటి చెప్పాలో తెలీక ఏడ్చేశాను. ఇప్పుడు తెలిసింది. ఆయన చెప్పిన కారణం అబద్ధం కాదు. ఆ అక్కకి ఉద్యోగం రాలేదు. కాని ఒక్కరికి జరిగిందే అందరికీ జరుగుతుందా? కారణం నిజమైనా ముగింపు తప్పవొచ్చు. ఈసారి ఏడవను, మెల్లగా అడుగుతాను: "పెదనాన్నా, టెన్త్‌తో ఆపేసినోళ్ళకి వచ్చిందా?"

మీకో ప్రశ్న: 'రాత్రి 11 దాకా చదివినవాళ్ళకే ఎక్కువ మార్కులొచ్చాయి. కాబట్టి అందరికీ 11 దాకా లైట్లుంచాలి.' చిల్లు ఎక్కడ? జవాబు వచ్చే సంచికలో. వార్డెన్ మేడమ్ గారు ముందే చెప్పేయకూడదు!

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని, రాజాం