సర్పి: అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువారు తెలుసుకోవలసింది

తెలుగు ఊళ్లలో సర్పి అనే జబ్బును అమెరికాలో షింగిల్స్ అంటారు. డాక్టర్లు రాసే పేరు హెర్పిస్ జోస్టర్. లైంగిక సంబంధాల వల్ల సోకే హెర్పిస్ ఇది కాదు. రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి అయినా వేర్వేరు. కాబట్టి కాగితం మీద ఆ పేరు చూసి సంకోచపడనక్కర్లేదు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోగా మందు మొదలుపెడితేనే ఈ జబ్బులో ఎక్కువ మేలు. కొత్త దేశంలో ఎక్కడికి వెళ్లాలో, ఇన్సూరెన్స్ ఏమిస్తుందో వాకబు చేసేసరికే ఆ మూడు రోజులూ దాటిపోతాయి. ఆ వివరాలు ముందే తెలిసి ఉండాలి.

ఎందుకు వస్తుంది

ఆటలమ్మకూ సర్పికీ మూలం ఒకటే, వారిసెల్లా జోస్టర్ అనే వైరస్. ఆటలమ్మ తగ్గినా వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన, తలలోని కొన్ని నరాల మొదట్లో ఉండే నరాల ముడుల్లో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మళ్లీ లేచి, ఒక నరం వెంట చర్మందాకా వస్తుంది. వయసు 50 దాటాక ఈ ముప్పు పెరుగుతుంది. షుగరు ఉన్నవారికి, కీమోథెరపీ తీసుకునేవారికి, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడేవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి మరింత ఎక్కువ. అమెరికాలో ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు సర్పి వస్తుందని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంచనా.

ఎలా గుర్తుపట్టాలి

ముందుగా ఒంట్లో ఒకే పక్కన, ఒకే చోట మంట, సలుపు, జివ్వుమనే నొప్పి మొదలవుతాయి. చొక్కా తగిలినా ఓర్చుకోలేనట్టు ఉంటుంది. ఒకటి నుంచి అయిదు రోజుల్లో అదే చోట చర్మం ఎర్రబడి, నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. నడుము, ఛాతీ, వీపు మీద ఇవి పట్టీలాగా సాగుతాయి. వారం, పది రోజుల్లో చెక్కు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానుతాయి. సర్పి నడుము చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందన్న భయం పాతది. ఒక్కో నరం శరీరంలో ఒక పక్కకే పరిమితం కనుక పొక్కులు మామూలుగా నడిమధ్యలోనే ఆగిపోతాయి. రెండు పక్కలా, ఒళ్లంతా వస్తే మాత్రం రోగనిరోధక శక్తి బాగా తగ్గిందేమో డాక్టరు వెంటనే చూడాలి.

పొక్కులు రాకముందు వచ్చే నొప్పిని మూత్రపిండంలో రాయి అనుకోవచ్చు, గుండె నొప్పి అనీ అనుకోవచ్చు. ఛాతీలో నొప్పి వస్తే సర్పేమోనని ఇంట్లో ఆగకూడదు. అత్యవసర సేవల నంబరు 911కి ఫోన్ చేయాలి.

ఎక్కడికి వెళ్లాలి

ఫ్యామిలీ డాక్టరు ఉంటే మొదట ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, షింగిల్స్ అనే మాట వాడుతూ, పొక్కులు ఎప్పుడు లేచాయో చెప్పాలి. అపాయింట్‌మెంట్ వారం తర్వాత ఇస్తామంటే ఆగకుండా అర్జెంట్ కేర్‌కు వెళ్లాలి. చాలా చోట్ల అక్కడ ముందస్తు అపాయింట్‌మెంట్ లేకుండానే చూస్తారు. కంటి చుట్టూ, నుదుటి మీద, ముక్కు కొన మీద పొక్కులు వస్తే చూపుకే ప్రమాదం. చెవిలో పొక్కులు వచ్చి మూతి వంకర పోయినా ఆలస్యం చేయకూడదు. ఈ రెండింటికీ అదే రోజు డాక్టరు చూడాలి. ఇంగ్లీషు రాని పెద్దలకు తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయమని ఆసుపత్రిని అడగవచ్చు. ఎక్కువగా ఫోన్‌లోనే మాట్లాడిస్తారు.

వైద్యం

ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్, ఫాంసైక్లోవిర్ అనే మాత్రల్లో ఒకదాన్ని సాధారణంగా వారం రోజులు ఇస్తారు. అమెరికాలో వీటిని డాక్టరు చీటీ లేకుండా ఫార్మసీలో ఇవ్వరు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి కనుక ఆ సంగతి, వాడుతున్న మందుల పేర్లు తప్పక చెప్పాలి. చల్లని తడిగుడ్డ, కాలమైన్ లోషన్, వదులైన నూలు బట్టలు ఉపశమనమిస్తాయి. మంత్రం వేయించినా, పసర్లు పూసినా వైరస్ తగ్గదు. పైగా పగిలిన పొక్కుల్లో చీము పట్టవచ్చు, విలువైన మూడు రోజులూ పోతాయి.

పుండ్లు మానినా కొందరికి మూడు నెలలు దాటి నరాల నొప్పి ఉండిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ ముప్పు ఎక్కువ. దీనికి గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటి మందులు, లిడోకైన్ పట్టీలు ఉన్నాయి. పెద్దలు ఈ నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోకుండా ఇంట్లోవాళ్లే డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో జాగ్రత్తలు

సర్పి ఒకరి నుంచి ఒకరికి సర్పిగా అంటుకోదు. అయితే ఆటలమ్మ రానివారికి, దాని టీకా వేయించుకోనివారికి పొక్కుల్లోని నీరు తగిలితే ఆటలమ్మ సోకవచ్చు. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా వాటిని గుడ్డతో కప్పి ఉంచాలి, చేతులు తరచూ కడుక్కోవాలి. ఆటలమ్మ రాని గర్భిణులకు, నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి దూరంగా ఉండాలి. కూతురి పురిటికని వచ్చిన తల్లికి సర్పి వస్తే ఈ జాగ్రత్త మరీ అవసరం.

నివారణ

అమెరికాలో 2017లో అనుమతి పొందిన షింగ్రిక్స్ టీకాను 50 ఏళ్లు దాటినవారికి, రోగనిరోధక శక్తి తగ్గిన 19 ఏళ్లు పైబడినవారికి సిఫారసు చేస్తారు. రెండు డోసులు, మధ్య వ్యవధి 2 నుంచి 6 నెలలు. ప్రయోగ పరీక్షల్లో ఇది 50 నుంచి 69 ఏళ్లవారిలో 97 శాతం, 70 దాటినవారిలో 91 శాతం రక్షణ ఇచ్చింది. ఇందులో బతికున్న వైరస్ లేదు. రెండు మూడు రోజులు చెయ్యి నొప్పి, నీరసం, జ్వరం ఉండవచ్చు. ఇదివరకే సర్పి వచ్చినవారు కూడా అది పూర్తిగా తగ్గాక వేయించుకోవచ్చు.

ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్స్ 50 దాటినవారికి ఈ టీకా ఖర్చును సాధారణంగా పూర్తిగా భరిస్తుంది. పెద్దవారి ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌లో మందుల భాగమైన పార్ట్ డి ఉన్నవారికి 2023 నుంచి ఉచితం. విజిటర్ ఇన్సూరెన్స్‌లో టీకాలు సాధారణంగా ఉండవు, చేతినుంచి కడితే ఒక్కో డోసుకు 200 డాలర్లు దాటుతుంది. ఇదే టీకా 2023 నుంచి భారతదేశంలోనూ దొరుకుతోంది. ఆరు నెలలు ఉండటానికి అమెరికా వచ్చే తల్లిదండ్రులు ప్రయాణానికి ముందే రెండు డోసులూ పూర్తిచేసుకోవడం మేలు. వీలు కాకపోతే ఒకటి భారతదేశంలో, రెండోది అమెరికాలో వేయించుకోవచ్చు, మొదటి డోసు వేసిన తేదీ ఉన్న కాగితం వెంట తెచ్చుకోవాలి.