నీళ్లు ఎందుకు ఎక్కాయి?

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిల్లలు క్లాసులో అల్లరి చెయ్యడం లేదనీ, అయితే ఒక్కరూ నోరు తెరిచి ప్రశ్న అడగడం లేదనీ రాశావు. నన్నడిగితే మొదటిది కూడా అంత మంచి కబురేం కాదు. సైన్సు పీరియడులో కాస్త గోల ఉండాలి.

రోజూ ప్రార్థనలో ఒకరి చేత సైన్సు వార్త చదివిస్తున్నానన్నావు. మానెయ్యమనను. కాకపోతే అలా చదివిన వార్త తరగతి గది దాకా రాదు. వార్తలో పిల్లల చేతికి అందే ముక్క ఒకటి ఎక్కడో ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. చంద్రయాన్-3 సంగతే చూడు. 2023 ఆగస్టు 23, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు, విక్రమ్, ప్రజ్ఞాన్... ఇవన్నీ ఇప్పుడు బిట్లయిపోయాయి, నిద్రలో లేపినా అప్పజెబుతారు. అవి అడక్కు. చంద్రుడి మీద దిగిన విక్రమ్‌కి పారాచూట్ ఎందుకు కట్టలేదో అడుగు. పాలిథిన్ కవరుకు నాలుగు దారాలు కట్టించి, చిన్న రాయి వేలాడదీసి మేడ మీంచి వదిలించు. తర్వాత అదే కవరును ఉండ చుట్టి వదలమను. గాలి పట్టుకుంటేనే పారాచూట్ ఆగుతుందని నువ్వు చెప్పక్కర్లేదు. చంద్రుడి మీద ఆ గాలే లేదు. అందుకే 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతున్న విక్రమ్‌ను ఇంజన్లు మండించే నెమ్మది చేయాల్సి వచ్చింది.

‘గాలి లేనిచోట ఇంజను దేన్ని తోస్తుంది మేడమ్?’ అని ఎవరైనా అంటే ఆ రోజు నీ పంట పండినట్టే. అందరూ దారం మీద బెలూన్ పరిగెత్తిస్తారు. సరదాగానే ఉంటుంది గానీ ఈ ప్రశ్నకు అది జవాబు కాదు, బెలూన్ చుట్టూ గాలి ఉంది కదా. హెడ్మాస్టరు గారి గదిలో చక్రాల కుర్చీ ఉంటే అడిగి తెచ్చుకో. బక్కపిల్లాణ్ని ఒకణ్ని కూర్చోబెట్టి, కాళ్లు పైకెత్తించి, పుస్తకాల సంచి బలంగా ముందుకు విసరమను. కుర్చీ వెనక్కి జరుగుతుంది. వాడు తోసింది సంచిని, గోడనూ కాదు, గాలినీ కాదు. రాకెట్ తోసేదీ తన పొగనే.

ఇక ప్రయోగాల సంగతి. చేసి చూపించి, చప్పట్లు కొట్టించుకుని, కారణం చెప్పేస్తే అది గారడీ. చేసేముందు ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరి చేతా నోటుబుక్కులో రాయించు. పెన్ను పెట్టి రాసుకున్నవాడికి ఫలితం మీద పంతం ఉంటుంది.

పళ్లెంలో రంగునీళ్లు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గాజుగ్లాసు. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ‘ఆక్సిజన్ ఖర్చయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి, గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు’ అని చెప్పేస్తుంటారు. వినడానికి బాగుంది. కానీ అది నిజమైతే కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్లు కొద్దికొద్దిగా ఎక్కుతూ ఉండాలి కదా? పిల్లల్ని గ్లాసు అంచు దగ్గరే కళ్లు పెట్టుకుని చూడమను. బోర్లించిన వెంటనే చిన్న బుడగలు బయటికి పోవడం కనిపిస్తుంది. మంట ఉన్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. ఆరాక మాత్రం గబగబా ఎక్కుతాయి.

అప్పుడు అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టించు. ఆక్సిజనే కారణమైతే నీళ్లు మునుపటంతే ఎక్కాలి, గ్లాసు మారలేదు కాబట్టి. కానీ ఇంకా ఎత్తుకు ఎక్కుతాయి. ఒప్పుకోనివాళ్లు అప్పటికీ ఉంటారు, ఉండాలి కూడా. వాళ్ల కోసం మంటే లేకుండా చెయ్యి. ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు (మరిగేవి వద్దు) పోసి, ఒంపేసి, వెంటనే మూతిని పళ్లెంలోని నీళ్లలో ముంచి నిలబెట్టు. చల్లారేకొద్దీ సీసా నీళ్లు లాక్కుంటుంది. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయింది, మిగిలింది చల్లబడి ముడుచుకుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెట్టింది. అసలు కథ ఎక్కువగా ఇదే. కొవ్వొత్తి ఆక్సిజన్‌ను పూర్తిగా వాడుకోకముందే ఆరిపోతుంది. పైగా వాడుకున్నదాంట్లో చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా అక్కడే ఉంటుంది. పరీక్షలో ఏం రాయాలని అడుగుతారు. చూసిందే రాయమను.

మంట పెట్టే రోజు ఓ బకెట్టు నీళ్లు, తడిగుడ్డ దగ్గరుంచుకో. జడలు వెనక్కి, చున్నీలు ముడి.

ఇంకొకటి ఇప్పుడే తేదీ రాసి పెట్టుకో. హైదరాబాదులో సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. పేపర్లలో ‘నేడు నీడ మాయం’ అని వేస్తారు. మేలో సెలవులు కాబట్టి మనకు పనికొచ్చేది ఆగస్టే. దక్షిణానికి పోయేకొద్దీ ఆ రోజు ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. మీ బడి హైదరాబాదుకు దగ్గరే కనుక ఆగస్టు 3నే పెట్టుకో. మధ్యాహ్నం 12 గంటల 22 నిమిషాల ప్రాంతంలో నిటారుగా పాతిన కర్రకు నీడ దాని మొదట్లోనే ఉండిపోతుంది.

ఆ ఒక్కరోజు చూపించి ఊరుకోకు. జులై చివరి వారం నుంచే మీటరు కర్ర పాతించి, రోజూ అదే వేళకు నీడ కొలిపించు. వారం ముందు సుమారు 3 సెంటీమీటర్ల నీడ దక్షిణానికి పడుతుంది, రోజురోజుకీ తగ్గుతుంది. ఆ తేదీ దాటాక ఉత్తరం వైపు పెరగడం మొదలుపెడుతుంది. వానాకాలం కదా, సరిగ్గా 3నే మబ్బు పట్టొచ్చు. దిగులు పడకు. అటూ ఇటూ దొరికిన కొలతలతో గ్రాఫు గీయించు, నీడ ఏ రోజున సున్నా అయిందో వాళ్లే లెక్కగట్టి చెబుతారు.

మీ పెద్దమ్మ అడిగానని చెప్పమంది.

ఇట్లు,
పెదనాన్న